రాజనీతి చదువు కోసం సముద్రం దాటినవారు

పోయిన సంవత్సరం మన సొసైటీ స్కాలర్‌షిప్ కమిటీ కూర్చున్నప్పుడు పాలిటెక్నిక్, ఇంజనీరింగ్, ఫార్మసీ, నర్సింగ్ దరఖాస్తులన్నీ ఒకటొకటిగా అయిపోయి, చివరికి ఒక కాగితం మిగిలింది. డిగ్రీ ఫస్టు క్లాసులో ప్యాసైన ఒక అమ్మాయి రాసుకున్న దరఖాస్తు అది. లండనులో ఒక విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం ఎం.ఏ.కి సీటు వచ్చిందనీ, బ్యాంకు అప్పు పోగా తక్కువ పడుతున్న మొత్తానికి సొసైటీ ఏదైనా సాయం చెయ్యాలనీ ఆ అమ్మాయి కోరిక. తండ్రి టైలరింగ్ షాపు నడుపుకునే మనిషి. కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చి హాలు బయట బెంచీ మీద కూర్చున్నారు.

లోపలికి పిలిచాం. కమిటీలో పెద్దవారైన హాజీగారు కాగితం చూసి, "రాజకీయాలు నేర్చుకోవడానికి లండను దాకా ఎందుకమ్మా? మన మునిసిపల్ ఎలక్షన్లలో నెల రోజులు తిరిగితే సరిపోదూ?" అన్నారు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. ఆ అమ్మాయి కూడా మర్యాదకి నవ్వింది. తండ్రి మాత్రం, "నాకు ఆ చదువు సంగతి తెలియదు సార్, పిల్ల అడిగింది, తీసుకొచ్చాను" అన్నారు. వచ్చే సమావేశంలో చూద్దామని ఫైలు కట్టేశాం.

ఇంటికి వెళ్ళాక ఆ నవ్వు మాకే బాగనిపించలేదు. ఇంతకు ముందు మన దేశం నుంచి ఈ చదువు కోసం ఎవరెవరు వెళ్ళారు, ఎవరి డబ్బుతో వెళ్ళారు, వెళ్ళినందుకు ఏమైంది అని పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాం. దొరికిన సంగతులు సభ్యుల ముందు, వారి కుటుంబాల ముందు పెడుతున్నాం.

ముందుగా ఒక మాట. ఈ చదువుకి మన భాషలో ఉన్న పేరే దానికి కొంత చెరుపు చేసింది. రాజకీయం అనగానే మైకులు, జెండాలు, పార్టీ మారడాలు గుర్తొస్తాయి. ఉర్దూలో సియాసత్ అందామంటే హైదరాబాదువారికి ముందు పత్రిక గుర్తొస్తుంది. అసలు ఆ శాస్త్రంలో చదివేది వేరు. ప్రభుత్వానికి అధికారం ఎక్కడి నుంచి వస్తుంది, చట్టానికి జనం ఎందుకు లోబడతారు, పన్ను ఎవరు కడతారు, ఎవరు ఖర్చు పెడతారు, ఎక్కువమంది ఉన్న చోట తక్కువమందికి రక్షణ ఏమిటి, ఇవీ అందులోని ప్రశ్నలు. ఇవి మన వీధిలో లేని ప్రశ్నలేమీ కావు. కాకపోతే వాటికి పది దేశాలు ఏం జవాబు చెప్పుకున్నాయో పక్కపక్కన పెట్టి చూడడం చదువు.

ఈ శాస్త్రానికంటూ పెద్ద విద్యాలయాలు ఏర్పడి మరీ ఎక్కువ కాలం కాలేదు. న్యూయార్కులోని కొలంబియాలో 1880లో జాన్ బర్జెస్ అనే ఆచార్యుడు రాజనీతి విభాగం మొదలుపెట్టాడు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ 1895లో వచ్చింది. దాని పుట్టుక మనబోటి సొసైటీలవారికి వినసొంపైన కథ. హెన్రీ హచిన్సన్ అనే లాయరు చనిపోతూ సుమారు 20,000 పౌన్ల ఆస్తిని తను సభ్యుడుగా ఉన్న ఫేబియన్ సొసైటీ పనులకని రాసిపోయాడు. ఆ డబ్బు ప్రచారానికి ఖర్చు పెట్టేయాలని కొందరు అనుకుంటే, సిడ్నీ వెబ్, ఆయన భార్య బియాట్రిస్, గ్రాహమ్ వాలస్, బెర్నార్డ్ షా కలిసి ఆలోచించి, దానితో ఒక కాలేజీ పెట్టించారు. ఒక సంఘం చేతికొచ్చిన వితరణ సొమ్ము అది. ఆ సంవత్సరం ఖర్చయిపోతే ఆ లాయరు పేరు కూడా ఎవరికీ గుర్తుండేది కాదు.

మన దేశం నుంచి ఆ రోజుల్లో సీమకు వెళ్ళినవారు చాలామంది బారిస్టరు పరీక్షకో, ఐ.సి.ఎస్.కో వెళ్ళినవారే. 1888లో గాంధీగారు వెళ్ళింది ఆ దారినే. రాజనీతి చదవడానికని వెళ్ళే కుర్రవాడంటే ప్రభుత్వానికి అనుమానంగానే ఉండేది. 1909 జూలై 1న లండనులో కర్జన్ వైలీ అనే అధికారిని ఒక భారతీయ విద్యార్థి కాల్చి చంపిన తర్వాత ఆ అనుమానం మరీ ముదిరింది. ఇక్కడొక విచిత్రం చెప్పుకోవాలి. ఆ కాల్చిన మదన్‌లాల్ ధింగ్రా చదువుతున్నది రాజనీతి కాదు, ఇంజనీరింగ్!

విద్యార్థుల బాగోగులు చూడడానికని, వాళ్ళ మీద ఒక కన్ను వేసి ఉంచడానికని, ఇండియా ఆఫీసు వారు ఆ సంవత్సరమే సలహా సంఘాన్నీ సమాచార కార్యాలయాన్నీ ఏర్పాటు చేశారు. దాని బాధ్యత థామస్ ఆర్నాల్డ్‌కి అప్పగించారు. ఈయన అలీగఢ్‌లో పదేళ్ళు పాఠాలు చెప్పినవాడు, తర్వాత లాహోరులో ఇక్బాల్‌కి గురువు. మరుసటి సంవత్సరం నుంచి క్రామ్‌వెల్ రోడ్డులోని 21వ నంబరు ఇంట్లో కొత్తగా దిగిన కుర్రాళ్ళకి బస ఏర్పాటయింది. బస దొరకడం మంచిదే. కాని బస ఇచ్చినవాడే మన రాకపోకలు గమనిస్తున్నాడేమోనన్న శంక ఉంటే తిన్నది ఒంటపట్టదు. ఆ ఇంటిని చాలామంది విద్యార్థులు ఇష్టపడలేదు. ఆర్నాల్డ్ మంచివాడే, కూర్చున్న కుర్చీ అలాంటిది.

ఇక అసలు కథకి వద్దాం. ఈ చదువు కోసం సముద్రం దాటినవారిలో డాక్టర్ అంబేడ్కర్‌ని మించిన ఉదాహరణ లేదు. ఆయన రాజ్యాంగం రాసిన సంగతి పిల్లలకి కూడా తెలుసు. ఆ చదువుకి అయిన డబ్బు కథ మాత్రం తక్కువమంది చెప్పుకుంటారు.

బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బి.ఏ. చదివినప్పుడే ఆయన విషయాలు అర్థశాస్త్రం, రాజనీతి. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకి పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్ళకి స్కాలర్‌షిప్ మంజూరు చేశారు. ఊరికే కాదు. చదువు అయ్యాక పదేళ్ళు బరోడా సంస్థానంలో ఉద్యోగం చెయ్యాలని 1913 జూన్‌లో బాండు రాయించుకున్నారు. ఆ జూలైలోనే ఆయన న్యూయార్కు చేరారు. కొలంబియాలో ఆయన చేరింది రాజనీతి విభాగంలోనే. కాని ఆయన ఆ గదికే అంటిపెట్టుకొని ఉండలేదు. సెలిగ్మన్ దగ్గర ప్రభుత్వ ఆదాయ వ్యయాలు, జాన్ డ్యూయీ దగ్గర తత్వశాస్త్రం, రాబిన్సన్ దగ్గర చరిత్ర, గోల్డెన్‌వైజర్ దగ్గర మానవ శాస్త్రం చదివారు. 1915లో ఎం.ఏ. అయింది. ఆయన రాసిన సిద్ధాంత వ్యాసం ప్రాచీన భారత వాణిజ్యం మీద. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ తరగతిలో భారతదేశంలో కులాల గురించి ఒక వ్యాసం చదివారు. మన ఊళ్ళల్లో బావి దగ్గర జరిగేది న్యూయార్కులో ఒక తరగతి గదిలో శాస్త్రంగా చర్చకి రావడం, అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు!

అక్కడ వసతి గృహంలో ఆయన గది మిత్రుడు నవల్ భథేనా అనే పారసీ యువకుడు. ఈ పేరు కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1916లో లండను వెళ్ళి స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, గ్రేస్ ఇన్‌లో చేరారు. చదువు మధ్యలో ఉండగానే స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. బాండు ప్రకారం 1917లో వెనక్కి రావలసి వచ్చింది. నాలుగేళ్ళలోగా మళ్ళీ వచ్చి పూర్తి చేసుకోవచ్చని విశ్వవిద్యాలయం అనుమతి ఇచ్చింది. అది యుద్ధ కాలం. ఆయన క్షేమంగా చేరారు గాని, వేరే ఓడలో వేసిన పుస్తకాల సామాను జర్మన్ల టార్పెడో దెబ్బకి సముద్రం పాలయింది. భోజనం తగ్గించుకొని కొన్న పుస్తకాలవి. పుస్తకం కొని చదివిన వారికి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

బరోడాలో ఉద్యోగమైతే ఇచ్చారు, ఊళ్ళో ఉండడానికి గది ఎవరూ ఇవ్వలేదు. ఒక పారసీ సత్రంలో పేరు మార్చుకొని కొద్ది రోజులున్నారు. సంగతి బయటపడగానే కర్రలు పట్టుకొని వచ్చి వెళ్ళగొట్టారు. ఊళ్ళో ఉన్న స్నేహితులు కూడా ఏవో సాకులు చెప్పారు. సాయంత్రం దాకా ఒక తోటలో కూర్చొని, రాత్రి బండికి బొంబాయి వెళ్ళిపోయారు. ఇదంతా తర్వాతి కాలంలో ఆయనే రాసుకున్నారు. రెండు ఖండాల్లో చదివి వచ్చిన మనిషికి స్వదేశంలో ఒక మంచం వేసుకునే చోటు దొరకలేదు. బాండు రాయించుకున్నవారు డబ్బు ఇచ్చారు, ఉద్యోగమూ ఇచ్చారు. తలదాచుకునే నీడ ఇవ్వడం మాత్రం బాండులో రాసి ఉండదు.

తర్వాత సిడెన్‌హామ్ కాలేజీలో 1918 నుంచి 1920 దాకా పాఠాలు చెప్పి, జీతంలో కూడబెట్టి, కొల్హాపూరు మహారాజు చేసిన సాయానికి నవల్ భథేనా దగ్గర తీసుకున్న 5,000 రూపాయల అప్పు కలుపుకొని మళ్ళీ లండను వెళ్ళారు. సత్రంలోంచి వెళ్ళగొట్టినవారూ పారసీలే, అప్పిచ్చి పంపినవాడూ పారసీయే. ఒక సమాజం గురించి ఒక్క మాటలో తేల్చెయ్యడం ఎంత కష్టమో చూడండి! 1921లో ఎం.ఎస్‌సి., 1923లో డి.ఎస్‌సి. పూర్తయ్యాయి. రూపాయి సమస్య మీద రాసిన ఆ గ్రంథాన్ని మొదట పరీక్షకులు సరిదిద్దమని తిప్పి పంపారు. దిద్దుకొని మళ్ళీ ఇచ్చి పట్టా పుచ్చుకున్నారు. లండనులో 1921, 22 సంవత్సరాల్లో ఆయన అద్దెకున్న కింగ్ హెన్రీస్ రోడ్డు 10వ నంబరు ఇంటిని 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొని స్మారకంగా చేసింది.

ఆయన మొదటిసారి విదేశానికి బయలుదేరిన నాటికి, లండను డి.ఎస్‌సి. పట్టా చేతికొచ్చిన నాటికి మధ్య పదేళ్ళు. ఆ పదేళ్ళలో ఏ సంవత్సరం లెక్క చూసినా, ఏ స్కాలర్‌షిప్ కమిటీ అయినా ఈ కుర్రవాడి చదువు తెమిలేటట్టు లేదు, డబ్బు దండగ అనే అనుకొని ఉండేది. మేమైనా అంతే అనేవాళ్ళం.

అంబేడ్కర్ రెండోసారి లండనులో ఉన్న రోజుల్లోనే, 1920లో, ఆ స్కూల్లో హెరాల్డ్ లాస్కీ అనే ఆచార్యుడు చేరాడు. మాంచెస్టరులో ఒక యూదుల కుటుంబంలో పుట్టినవాడు. అంతకు ముందు అమెరికాలో హార్వర్డులో పాఠాలు చెబుతూ, 1919లో బోస్టన్ పోలీసులు సమ్మె చేస్తే వాళ్ళ పక్షాన మాట్లాడి పెద్దల కోపానికి గురయ్యాడు. 1925లో రాజనీతి మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం వచ్చింది. 1926లో గ్రాహమ్ వాలస్ తర్వాత రాజనీతి పీఠం ఆయనకి దక్కింది. 1950లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు.

మన దేశపు విద్యార్థులు ఆయన చుట్టూ ఎందుకు చేరారో చెప్పడానికి ఒక్క సంఘటన చాలు. జలియన్‌వాలాబాగ్ దురంతం జరిగినప్పుడు పంజాబు గవర్నరుగా ఉన్న మైకేల్ ఓడ్వయర్‌ని తప్పుపడుతూ సర్ శంకరన్ నాయర్ ఒక పుస్తకంలో రాశారు. ఓడ్వయర్ లండను కోర్టులో పరువు నష్టం దావా వేశాడు. 1924లో అయిదు వారాలు విచారణ జరిగింది. పన్నెండుమంది జ్యూరీలో పదకొండుమంది ఓడ్వయర్ పక్షాన తీర్పు చెప్పారు. నాయర్ 500 పౌన్ల నష్టపరిహారం, దానితో పాటు కోర్టు ఖర్చులు ఇచ్చుకోవలసి వచ్చింది. జ్యూరీలో ఒప్పుకోని ఆ పన్నెండో మనిషి లాస్కీ. తన దేశంలో, తన వాళ్ళ మధ్య కూర్చొని, పదకొండుమంది ఒకటైనప్పుడు కాదనడం మాటలు కాదు. ఆ తర్వాత ఈయన అధికారం గురించి, న్యాయం గురించి పాఠం చెబితే మనవాళ్ళు శ్రద్ధగా వినరూ!

కాగితం చూడకుండా గంటసేపు ఉపన్యసించేవాడట. శిష్యుల్ని ఆదివారాలు ఇంటికి పిలిచి టీ ఇచ్చేవాడట. చలి దేశంలో, ఒంటరి గదిలో, ఉడకబెట్టిన బంగాళాదుంపలు తిని బతికే కుర్రవాడికి ఒక ఆచార్యుడి ఇంట్లో కప్పు టీ అంటే ఏమిటో, గల్ఫులో పని చేసి వచ్చిన మన సభ్యులకి విడమర్చి చెప్పనక్కరలేదు. ఆయన శిష్యుల్లో ఒకరైన కృష్ణ మీనన్ 1924లో వెళ్ళి దాదాపు మూడు దశాబ్దాలు అక్కడే ఉండిపోయి, ఇండియా లీగ్ నడిపి, స్వాతంత్ర్యం రాగానే మన హైకమిషనర్ అయ్యారు. లాస్కీ శిష్యులు సర్వమూ ప్రభుత్వమే చెయ్యాలనే పిచ్చి పట్టించుకొని వచ్చారని విమర్శించేవారున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. గురువు గట్టిగా నమ్మినది శిష్యుడికి వేదవాక్కు అయిపోవడం ఏ చదువులోనైనా ఉన్న ప్రమాదమే. 1954లో అహమ్మదాబాదులో ఆయన పేరనే ఒక రాజనీతి విద్యాసంస్థ వెలిసింది.

ఆ శిష్యుల్లో మాకు మనసుకి ఎక్కువగా పట్టినవారు కె.ఆర్. నారాయణన్. కేరళలో ఉళవూరు అనే పల్లె. దళిత కుటుంబం, ఏడుగురు పిల్లలు, తండ్రి నాటు వైద్యులు. పొలం గట్ల మీద మైళ్ళ కొద్దీ నడిచి బడికి వెళ్ళేవారు. ఫీజు బాకీ పడితే తరగతి బయట నిలబడి పాఠం వినేవారు. పుస్తకాలు కొనే శక్తి లేక, జబ్బుతో ఇంటిపట్టున ఉన్న అన్నగారు ఇతరుల పుస్తకాలు తెప్పించి చేతితో నకలు రాసి ఇచ్చేవారు. ఈ అన్నగారి పేరు ఏ విశ్వవిద్యాలయం రికార్డుల్లోనూ ఉండదు. కాని ఆ చదువుకి మొదటి స్కాలర్‌షిప్ ఇచ్చింది ఆయనే అంటాం మేము.

తిరువాన్కూరు విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. మొదటి స్థానంలో ప్యాసై, కొంతకాలం పత్రికల్లో పని చేసి, 1945లో టాటావారి సాయంతో లండను వెళ్ళారు. జంషెట్జీ టాటా 1892లో పెట్టిన విద్యానిధి పద్ధతి మన కమిటీవారు గమనించవలసినది. దానంగా కాదు, అప్పుగా ఇస్తారు. చదువుకున్నవాడు సంపాదించి కట్టిన డబ్బు తర్వాతివాడికి వెళ్తుంది. మనవాళ్ళు ఖర్జె హసనా అనేదానికి కొంచెం దగ్గరగా ఉంటుంది.

ఆయన చేరేనాటికి యుద్ధం అప్పుడే ముగిసింది. యుద్ధకాలమంతా కేంబ్రిడ్జిలో తలదాచుకున్న ఆ స్కూలు తిరిగి లండనులోని తన కట్టడానికి వచ్చింది. నగరంలో బాంబులు పడిన చోట్లు ఇంకా గుంటలుగానే ఉన్నాయి. సీమలో యుద్ధం నడిచినంత కాలం లేని రొట్టె రేషను 1946 జూలైలో వచ్చి రెండేళ్ళు ఉంది. 1947 మొదట్లో మంచు తుఫానులకి బొగ్గు రవాణా ఆగి, కరెంటు లేక జనం అల్లాడారు. నారాయణన్ ఇల్లు పంచుకున్నది తర్వాత పెద్ద అర్థశాస్త్రవేత్త అయిన కె.ఎన్. రాజ్‌తో, మారిషస్ నుంచి వచ్చిన వీరాస్వామి రింగాడూతో. ఈ రింగాడూ 1992లో మారిషస్‌కి మొదటి రాష్ట్రపతి అయ్యారు. ఒకే గడపలో రేషను రొట్టె తిన్న ముగ్గురిలో ఇద్దరు రెండు దేశాలకి రాష్ట్రపతులయ్యారన్న మాట.

లాస్కీతో పాటు ఆయన అభిప్రాయాలు బొత్తిగా పడని హాయెక్, పాపర్ ఉపన్యాసాలు కూడా నారాయణన్ విన్నారు. అక్కడి చదువులో ఉన్న గొప్ప ఇదేననిపిస్తుంది. పొద్దున ఒక గదిలో విన్నదానికి మధ్యాహ్నం పక్క గదిలో ఖండన వినిపిస్తుంది. ఎవరిది నమ్మాలో విద్యార్థి తేల్చుకోవాలి. ట్యూషను నోట్సు బట్టీ పట్టిన మన పిల్లలకి మొదటి మూడు నెలలు తల తిరిగేది ఇక్కడే.

1948లో రాజనీతి ప్రధాన విషయంగా ఆనర్సు డిగ్రీ మొదటి తరగతిలో ప్యాసయ్యారు. తిరిగి వచ్చేటప్పుడు లాస్కీ నెహ్రూగారికి ఒక ఉత్తరం ఇచ్చారు. ఢిల్లీలో నెహ్రూగారు కాసేపు లండను కబుర్లు మాట్లాడి, ఇక వెళ్ళవచ్చన్నట్టు కనిపించేసరికి నారాయణన్ ఆ ఉత్తరం చేతికిచ్చి బయటికి వచ్చేశారు. వరండాలో నడుస్తుంటే వెనక నుంచి చప్పట్లు కొట్టి నెహ్రూగారు పిలిచారు. ఉత్తరం ముందే ఎందుకివ్వలేదని అడిగారు. 1949లో విదేశాంగ సర్వీసులో చేర్చుకున్నారు. 1997లో ఆయన రాష్ట్రపతి అయ్యారు. సిఫారసు ఉత్తరం జేబులో ఉండి కూడా మాటలయ్యేదాకా బయటికి తీయని మనిషి! మన పిల్లలు సరే, మనమే తీయకుండా ఉండగలమా?

మన వైపు వారి సంగతి చూద్దాం. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1902లో ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జి వెళ్ళి చరిత్ర చదివి, అక్కడి విద్యార్థుల చర్చా సంఘానికి ఉపాధ్యక్షులయ్యారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులు కూడా ఆయనే. గుంటూరు జిల్లా నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగాగారు ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి వచ్చి, 1930లలో తమ ఊళ్ళోనే రైతు కార్యకర్తలకి రాజకీయాలు, అర్థశాస్త్రం నేర్పే బడి పెట్టారు. మన హాజీగారు అన్నట్టు రాజకీయం ఊళ్ళోనే నేర్చుకోవచ్చు. ఊళ్ళో నేర్పడానికి ముందు ఒకరు బయటికి వెళ్ళి రావలసి వచ్చింది, అంతే.

హైదరాబాదులో 1918లో ఉస్మానియా ఏర్పడినప్పుడు అక్కడి బోధన ఉర్దూలో. పాఠ్యపుస్తకాల కోసం అనువాద సంస్థే ఒకటి నడిచింది. చరిత్ర, రాజనీతి విభాగానికి చాలాకాలం పెద్దగా ఉన్న హారూన్ ఖాన్ షేర్వానీ ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చినవారు. అదే ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయం చదివిన ముహమ్మద్ హమీదుల్లా, 1908లో హైదరాబాదులో పుట్టినవారు. 1930ల మొదటి సగంలో జర్మనీలోని బాన్‌లో ఒక డాక్టరేటు, పారిస్‌లోని సోర్బోన్‌లో మరొకటి తీసుకున్నారు. మొదటిది ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయంలో తటస్థత గురించి, రెండోది ప్రవక్త కాలంలోను, తొలి ఖలీఫాల కాలంలోను నడిచిన రాయబారాల గురించి. ఉర్దూలో చదువుకున్న కుర్రవాడు ఒక గ్రంథం జర్మన్ భాషలో, ఇంకొకటి ఫ్రెంచిలో సమర్పించాడంటే ఆ శ్రమ ఊహించుకోండి. తిరిగి వచ్చి ఉస్మానియాలోనే పాఠాలు చెప్పారు.

1948లో హైదరాబాదు సంస్థానం తన వివాదాన్ని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి తీసుకువెళ్ళినప్పుడు ఆ ప్రతినిధి వర్గంలో ఆయన కూడా ఒకరు. సెప్టెంబరు 16న పారిస్‌లో మండలి ఆ విషయం ఎత్తుకుంది. మరునాటికే ఇక్కడ సైనిక చర్య ముగిసింది, సంస్థానం లేకుండా పోయింది. దేశాల మధ్య న్యాయం జీవితమంతా చదివిన మనిషి, తనను పంపిన రాజ్యమే లేని స్థితిలో పరాయి నగరంలో మిగిలిపోయారు. దశాబ్దాల పాటు శరణార్థిగా పారిస్‌లోనే ఉండి, అక్కడి జాతీయ పరిశోధనా సంస్థలో పని చేస్తూ, 1959లో ఖురాన్‌కి ఫ్రెంచి అనువాదం వెలువరించారు. 2002లో అమెరికాలో కన్నుమూశారు. ఆయన ఎంచుకున్న పక్షం గురించి ఎవరి అభిప్రాయం వారిది. మాకు తట్టినదల్లా ఇది: అంబేడ్కర్‌కి బాండు ఉంది గాని ఊళ్ళో గది లేదు. హమీదుల్లాకి ఊళ్ళో ఇల్లుంది, తిరిగి వచ్చే దారి మూసుకుపోయింది.

పేరు నిలిచినవారి సంగతే ఇదంతా. డబ్బు అయిపోయి మధ్యలో తిరిగి వచ్చినవారు, పట్టా తెచ్చుకొని కూడా సరైన ఉద్యోగం దొరకక ఏదో గుమాస్తా పనిలో చేరినవారు ఎందరో ఉండే ఉంటారు. వారి లెక్క ఎవరూ రాయలేదు. కమిటీలో కూర్చున్నవారు ఈ రెండో జాబితాకే భయపడతారు. ఆ భయం తప్పని మేము అనం.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. సీమలో చాలాకాలం విదేశీ విద్యార్థికీ స్వదేశీ విద్యార్థికీ ఫీజు ఒకటే. 1967లో మొదటిసారి తేడా పెట్టారు, వాళ్ళవాళ్ళకి 70 పౌన్లు, బయటివాళ్ళకి 250. 1980 నుంచి విదేశీ విద్యార్థి చదువు ఖర్చు మొత్తం తనే భరించాలన్నారు. నేడు లండనులో ఒక్క ఏడాది ఎం.ఏ. ఫీజే మన రూపాయల్లో పాతిక ముప్పై లక్షలు అవుతుంది. తిండి, బస వేరే. ప్రభుత్వ సాయం లేకపోలేదు. తెలంగాణలో 2015 నుంచి మైనారిటీ విద్యార్థులకి 20 లక్షల వరకు ఇచ్చే విదేశీ విద్యా పథకం ఉంది. మైనారిటీ విద్యార్థుల విద్యా రుణాల మీద వడ్డీ భరించే కేంద్ర పథకం 2013లో మొదలై, 2022-23లో ఆగిపోయింది.

ఇంకో సంగతి మాకు ఆశ్చర్యం కలిగించింది. దళిత విద్యార్థుల కోసం 1954 నుంచి నడుస్తున్న కేంద్ర విదేశీ స్కాలర్‌షిప్‌కి 2022లో కొత్త నిబంధన వచ్చింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద చేసే అధ్యయనాలకి ఆ డబ్బు ఇవ్వరట. అటువంటివి ఇక్కడే చదువుకోవచ్చునని ప్రభుత్వం చెప్పిన కారణం. ఆ నిబంధన 1913లో ఉండి ఉంటే ప్రాచీన భారత వాణిజ్యం మీద రాసిన కొలంబియా విద్యార్థికి పైసా రాదు. నిబంధన రాసినవారు ఇది ఆలోచించారో లేదో. మన కమిటీలో వినిపించిన నవ్వుకీ, ఆ నిబంధనకీ పెద్ద తేడా ఉన్నట్టు మాకు తోచలేదు. అది అచ్చులో ఉంది, మనది హాల్లో వినిపించింది.

ఈ సంవత్సరం ఆ అమ్మాయి ఫైలు మళ్ళీ వచ్చింది. సీటు ఒక ఏడాది వాయిదా వేయించుకుందట. ఈలోగా ఒక ప్రయివేటు స్కూల్లో పాఠాలు చెప్పి కొంత కూడబెట్టింది. తండ్రి షాపు మీద బ్యాంకు అప్పు తీసుకున్నారు. ఈసారి దరఖాస్తులో సాయం అనే మాట కొట్టేసి, అప్పు అని రాసింది, ఉద్యోగం వచ్చిన ఆరో నెల నుంచి కడతానని. అక్కడ ఏ విషయం మీద వ్యాసం రాయదలచావన్న ప్రశ్నకి ఒక పేజీ జత చేసింది. మునిసిపాలిటీల గురించేనట. ఒక వార్డులో కుళాయి రోజూ ఎందుకు వస్తుంది, పక్క వార్డులో మూడు రోజులకోసారి ఎందుకు వస్తుంది, కౌన్సిల్లో ఎవరు ఎంతమంది ఉంటే ఆ లెక్క మారుతుంది, వేరే దేశాల పట్టణాల్లో దీన్ని ఎలా సరిచేశారు అని.

ఆ పేజీ హాజీగారి చేతికిచ్చాం. ఆయన ఉండేది ఆ మూడు రోజుల కుళాయి వార్డులోనే. కళ్ళజోడు తుడుచుకొని రెండుసార్లు చదివి, "ఫీజు ఏ తారీఖు లోపల కట్టాలి?" అని సెక్రటరీగారిని అడిగారు.